వీడియో ఎడిటింగ్ నేర్చుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్? ముందు మీ కంప్యూటర్‌ని అడగండి

మా బాబాయ్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పదో తరగతి త్రికోణమితి పాఠాలు ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టాలని ఆయనకి రెండేళ్లుగా కోరిక. సంక్రాంతికి వెళ్తే నేను చెప్పులు విప్పకముందే అడిగారు. "ఒరేయ్, డావిన్చీ అని ఏదో ఉందట కదా, సినిమావాళ్లు వాడేది. ఫ్రీ అట. అది ఎక్కించి పెట్టు." చూస్తే ఆయన డెస్క్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. పవర్ బటన్ నొక్కి, లోపలికెళ్లి కాఫీ తాగొచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.

అదే పండక్కి మా పెద్దమ్మ కూతురు కూడా వచ్చింది. డిగ్రీ అయిపోయింది, ఎడిటింగ్‌లో ఉద్యోగం చూసుకుంటానంటోంది, అందుకోసం కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిపించుకుంది. తనదీ అదే ప్రశ్న. "ఏది నేర్చుకోమంటావన్నయ్యా?"

ప్రశ్న ఒకటే గానీ ఇద్దరికీ ఒకే జవాబు చెప్తే ఎవరో ఒకరు మునుగుతారు. 'బెస్ట్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్' అని వెతికితే వచ్చే జాబితాలతో నాకున్న పేచీ ఇదే. అడిగినవాళ్ల దగ్గర ఏ కంప్యూటర్ ఉందో, వాళ్లు ఏం తీయబోతున్నారో తెలుసుకోకుండానే ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు ఇచ్చేస్తారు.

ఒక్క నిమిషం పని

విండోస్ కంప్యూటర్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న చోట మూడు సంగతులు చూడండి. మెమరీ, అంటే ర్యామ్, ఎన్ని జీబీలు? డిస్క్ దగ్గర ఎస్ఎస్‌డీ (వేగంగా నడిచే కొత్తరకం) అని ఉందా, హెచ్‌డీడీ (పాతరకం హార్డ్ డిస్క్) అని ఉందా? విడిగా ఎన్విడియా లాంటి గ్రాఫిక్స్ కార్డు కనిపిస్తోందా?

16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే మీకు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. 8 జీబీ ఉండి విడి కార్డు లేకపోతే, మన ఇళ్లలో ఎక్కువ ల్యాప్‌టాప్‌లు ఇవే, షాట్‌కట్ గానీ కేడెన్‌లైవ్ గానీ (రెండూ ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లే) తీసుకోండి. 4 జీబీ, పైగా హెచ్‌డీడీ అయితే సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు కంప్యూటర్ రిపేర్ షాపుకి వెళ్లి ఒక ఎస్ఎస్‌డీ, ఇంకో ర్యామ్ స్టిక్ వేయించుకోండి. కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. బాబాయ్‌కి నేను చేయించింది అదే. మర్నాటి సాయంత్రానికి అది 8 జీబీ మిషన్ అయింది, కాఫీ తాగే వ్యవధి మిగలకుండా ఆన్ అవుతోంది.

షాట్‌కట్: పాత కంప్యూటర్‌కి నా మొదటి ఓటు

షాట్‌కట్ పూర్తిగా ఉచితం. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టినది కాబట్టి వాటర్‌మార్క్ (వీడియో మీద సాఫ్ట్‌వేర్ పేరు ముద్ర), ట్రయల్ గడువు లాంటివేమీ లేవు. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. వాళ్లు చెప్పే లెక్క ప్రకారం మామూలు ఎస్‌డీ వీడియోకి కనీసం 4 జీబీ ర్యామ్, హెచ్‌డీకి 8, 4కేకి 16 ఉండాలి. చూడ్డానికి అందంగా ఉండదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ప్రతిదీ 'ఫిల్టర్' అంటుంది. సైజు మార్చాలన్నా ఫిల్టరే, తెర మీద అక్షరాలు వేయాలన్నా ఫిల్టరే. రెండు రోజులు చిరాకు పెట్టి తర్వాత అలవాటైపోతుంది.

బాబాయ్ మొదటి పాఠం 38 నిమిషాలు వచ్చింది. మధ్యలో దగ్గు, 'ఆ తర్వాత... ఆ తర్వాత...' అని నీళ్లు నమలడం, పిన్ని వంటింట్లోంచి "గ్యాస్ అబ్బాయి వచ్చాడండీ" అని కేక, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని కింద పట్టీలోకి, అంటే టైమ్‌లైన్‌లోకి లాగాం. పట్టీలో శబ్దం అలల్లా కనిపిస్తుంది. అల లేచిన చోట మాట, పడుకున్న చోట మౌనం. ఆయనకి నేర్పిన మీటలు ఎన్నో కాదు. ఎల్ నొక్కితే ముందుకు పోతుంది, కే నొక్కితే ఆగుతుంది, జే నొక్కితే వెనక్కి వస్తుంది. గ్యాస్ కేకకి ముందు ఆపి ఎస్ నొక్కితే క్లిప్ అక్కడ రెండు ముక్కలవుతుంది. కేక అయిపోయాక మళ్లీ ఎస్. మధ్య ముక్క మీద క్లిక్ చేసి ఎక్స్ నొక్కితే అది పోయి, వెనకున్నదంతా ముందుకు జరిగి ఖాళీని పూడుస్తుంది. ఎక్స్ బదులు జెడ్ నొక్కితే ముక్క పోతుంది గానీ ఖాళీ అలాగే ఉంటుంది. తప్పు చేస్తే కంట్రోల్ జెడ్. "అంతేనా? ఇది తీసివేతే కదరా" అన్నారాయన. రాత్రి భోజనాల వేళకి 38 కాస్తా 21 అయింది.

అప్పుడొచ్చింది అసలు సమస్య. కోసిన ప్రతిచోటా ఆయన చెయ్యి ఉన్నట్టుండి గెంతుతోంది. బోర్డుకి ఎడమవైపున్న మనిషి రెప్పపాటులో కుడివైపు తేలుతున్నారు. దీనికి చాలామంది చేసే పని, మధ్యలో మెరుపో, పేజీ తిరిగినట్టో ఒక ఎఫెక్ట్ పెట్టడం. వద్దు. ఆ గెంతు మీద ఇంకో దృశ్యం కప్పండి. మర్నాడు పొద్దున బోర్డు మీది త్రిభుజాన్ని దగ్గరగా నాలుగైదు సార్లు ఫోన్‌లో తీశాం. షాట్‌కట్‌లో పైన రెండో వీడియో ట్రాక్ వేసి, కింద ఆయన మాట సాగుతుండగా పైన ఆ త్రిభుజాన్ని మూడేసి సెకన్లు పరిచాం. చూసేవాళ్లకి కోత తెలియదు. పైగా సైన్ తీటా అన్నప్పుడు సైన్ తీటానే కనిపిస్తుంది. ఎడిటింగ్ అంటే ఏమిటో ఆయనకి అర్థమైంది ఆ క్షణానే అనుకుంటా. తర్వాత నన్ను మౌస్ ముట్టుకోనివ్వలేదు.

తెర తడబడుతుంటే ప్రాక్సీ ఆన్ చేయండి. అసలు వీడియోకి చిన్న నకలు తయారుచేసి దాని మీద పని చేయిస్తుంది. చివర్లో బయటికి తీసేటప్పుడు మాత్రం అసలుదే వాడుతుంది. ప్రివ్యూ స్కేలింగ్ అని, పని చేసేటప్పుడు కనిపించే బొమ్మని చిన్నది చేసే ఇంకో సెట్టింగ్ ఉంటుంది, దాన్ని 540కి దించినా ప్రాణం లేచొస్తుంది.

కేడెన్‌లైవ్ కూడా ఇలాంటిదే, ఇదీ ఓపెన్ సోర్సే. రెండింటి లోపలా తిరిగే ఇంజను ఒకటే, దాని పేరు ఎంఎల్‌టీ. క్లిప్పులు వందల్లో ఉండి, వాటిని ఫోల్డర్ల వారీగా సర్దుకోవాలంటే కేడెన్‌లైవ్ మెరుగు. ఒక మనిషి, ఒక బోర్డు, ఒక ఫోన్ అయితే షాట్‌కట్ చాలు. ఓపెన్‌షాట్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ చూడగానే అర్థమయ్యేలా ఉంటుంది, పిల్లలకి మొదటి పాఠంగా బాగుంటుంది. అంతకుమించి దాని గురించి చెప్పేదేం లేదు.

డావిన్చీ రిజాల్వ్: ఫ్రీ అన్నది నిజమే, కానీ

బాబాయ్ విన్నది అబద్ధం కాదు. రిజాల్వ్ సినిమాలకి రంగులు దిద్దే పనిముట్టుగా మొదలైంది. 2009లో ఆస్ట్రేలియా కంపెనీ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దాన్ని కొన్నాక, నెమ్మదిగా ఎడిటింగ్, సౌండ్, గ్రాఫిక్స్ అన్నీ అందులోకే వచ్చి చేరాయి. ఉచిత వెర్షన్‌లో 4కే, అంటే 3840 బై 2160 దాకా, సెకనుకి 60 ఫ్రేముల (బొమ్మల) దాకా వాటర్‌మార్క్ లేకుండా తీసుకోవచ్చు. ఇంట్లో నేర్చుకునేవాళ్లకి ఇంతకుమించి అవసరం రాదు. స్టూడియో అనే డబ్బు వెర్షన్ 295 డాలర్లు, అదీ ఒక్కసారి కడితే చాలు, నెలనెలా కాదు.

'కానీ' ఎక్కడంటే, అది మిషన్‌ని పిండేస్తుంది. 8 జీబీ ర్యామ్, విడి కార్డు లేని ల్యాప్‌టాప్ మీద తెరుచుకుంటుంది గానీ ప్లే నొక్కితే స్లైడ్ షో చూపిస్తుంది. నేర్చుకునేవాళ్లు అది తమ తప్పనుకుని ఎడిటింగ్ మన వల్ల కాదని మానేస్తారు. ఉబుంటు లాంటి లైనక్స్ వాడేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. అక్కడ ఉచిత వెర్షన్ ఫోన్ వీడియోల్లో మామూలుగా ఉండే హెచ్.264 అనే వీడియో రకాన్ని తెరవదు. బొమ్మ రాదు. లైనక్స్ వాళ్లు మారుమాట్లాడకుండా కేడెన్‌లైవ్‌కి పోవడం మంచిది.

చెల్లెలికి మాత్రం రిజాల్వే చెప్పాను. తన ల్యాప్‌టాప్ దానికి సరిపోతుంది. కింద ఏడు పేజీల బొత్తాలు చూసి కంగారు పడొద్దన్నాను. మొదటి నెల కట్, ఎడిట్, డెలివర్ మూడే. కలర్ పేజీ రెండో నెల. గ్రాఫిక్స్ చేసే ఫ్యూజన్ పేజీ జోలికి ఈ ఏడాది వెళ్లకపోయినా నష్టం లేదు. బ్లాక్‌మ్యాజిక్ వాళ్ల సైట్‌లో శిక్షణ పుస్తకాలు పీడీఎఫ్‌లుగా, సాధన చేసుకోవడానికి వీడియో క్లిప్పులతో సహా ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషులో ఉంటాయి గానీ మెట్టు మెట్టుగా చెప్తాయి. డబ్బు కట్టే చాలా కోర్సులకంటే అవే నయం.

ఇంకో జాగ్రత్త. షాట్‌కట్‌లో మీ పని ఒక మామూలు ఫైలుగా సేవ్ అవుతుంది. రిజాల్వ్ దాన్ని తన సొంత డేటాబేస్‌లో దాచుకుంటుంది. వీడియోల ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లో కాపీ చేసుకుని స్నేహితురాలి ఇంటికి వెళ్తే అక్కడ ప్రాజెక్టు ఉండదు. ప్రాజెక్టుని విడిగా ఎక్స్‌పోర్ట్ చేసి తీసుకెళ్లాలి.

మిగతావి

ఏడాదికోసారి పుట్టినరోజు వీడియో చేసుకుంటే చాలనుకునేవాళ్లు పైవేవీ నేర్చుకోనక్కర్లేదు. విండోస్ 11లో క్లిప్‌చాంప్ ముందే ఉంటుంది. 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ మూవీ మేకర్‌ని ఆపేసింది, ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చుంది ఇదే. ఉచితంగా 1080 (ఫుల్ హెచ్‌డీ) దాకా, వాటర్‌మార్క్ లేకుండా వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా, ఇంటర్నెట్ కావాలి. మ్యాక్ ఉన్నవాళ్లకి ఐమూవీ ఉంది. రెండు వీడియో వరసలు దాటదు, దాటాల్సిన పనీ ఎక్కువమందికి రాదు.

క్యాప్‌కట్ అనే ఎడిటింగ్ యాప్ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. భారత్‌లో అది నిషేధంలో ఉంది. అమెరికాలో ఉన్న మీ కజిన్ వాడుతున్నారని ఇక్కడ దొడ్డిదారి వెతకొద్దు.

ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నెలనెలా అద్దె కట్టే సరుకు. యూట్యూబ్ చానళ్లు, యాడ్ ఏజెన్సీలు దాన్నే ఎక్కువగా అడుగుతాయి. మన ఊళ్లలో పెళ్లి వీడియోలు చేసే స్టూడియోల్లోకి వెళ్తే ఎడియస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కనిపిస్తుంది. చెల్లెలికి చెప్పిందేమంటే, రిజాల్వ్‌లో మూణ్నెల్లు చెయ్యి తిరిగాక, నీకు కావలసిన ఉద్యోగాల ప్రకటనలు ఓ ఇరవై చదువు, వాళ్లు ఏది అడిగితే దానికి అప్పుడు ఒక్క నెల అద్దె కట్టు అని. టైమ్‌లైన్ ఎక్కడైనా టైమ్‌లైనే, మీటలే మారతాయి. స్టీరింగ్ పట్టడం వచ్చినవాడికి కారు మారితే గేర్ల దగ్గరే ఒకట్రెండు రోజులు తడుముకోవాల్సి వస్తుంది. ఎవరో పెన్ డ్రైవ్‌లో ఇచ్చే 'క్రాక్' ప్రీమియర్ (దొంగ కాపీ) మాత్రం వద్దు. దాంతోపాటు వైరస్ వచ్చి పెళ్లి ఫొటోలన్నీ తాళం పడిపోయాక ఏడిస్తే లాభం లేదు.

తెలుగు అక్షరాల పరీక్ష

ఏ జాబితాలోనూ ఉండని, మనకి మాత్రం ముఖ్యమైన పోలిక ఇది. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా మొదట ఒక టైటిల్ వేసి 'శ్రీ', 'స్త్రీ', 'జ్ఞానం', 'లక్ష్మి', 'రాష్ట్రం' అని టైపు చేయండి. ఒత్తులు కింద కూర్చున్నాయా, లేక పక్కకి విడిపోయి 'స్ త్ ర' అని నిలబడ్డాయా చూడండి. బాబాయ్ షాట్‌కట్‌లో అక్షరాలు చక్కగా వచ్చాయి. ప్రీమియర్‌లో ఒత్తులు విరిగితే ప్రిఫరెన్సుల్లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజన్‌ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చాలి. రిజాల్వ్‌లో మామూలు టెక్స్ట్, టెక్స్ట్ ప్లస్ అని రెండు రకాల టైటిళ్లు ఉంటాయి. ఒకదాంట్లో విరిగితే రెండోదాంట్లో ప్రయత్నించండి. రెండూ మొరాయిస్తే, అక్షరాల్ని ఇంకెక్కడైనా రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి వీడియో మీద పెట్టుకోండి. స్టూడియోల వాళ్లు అను అనే, యూనికోడ్ కాని పాతరకం తెలుగు ఫాంట్లతో తిప్పలు పడేది ఇందుకే. ఇంట్లో మాత్రం ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదివే యూనికోడ్ ఫాంట్లే మేలు. రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాఠాల బోర్డు మీదికి మండలి బాగుంటుంది. రామభద్ర లావు, హెడ్డింగులకే.

ఎక్కడ నేర్చుకోవాలి

నేను అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి డబ్బు కట్టి రెండు నెలలు వెళ్లాను. మొదటి మూడు వారాలు ట్రాన్సిషన్లే చెప్పారు. గుండె ఆకారంలో తెరుచుకునే తెర, గుల్ల విప్పుకున్నట్టు తెర, అలాంటివి ఒక నలభై. ఒక షాటు ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో ఒక్క రోజూ చెప్పలేదు. అన్ని ఇన్‌స్టిట్యూట్‌లూ అంతే అనను. చేరేముందు మాత్రం ఒక్క ప్రశ్న అడగండి. 'మా సొంత ఫుటేజ్ తెస్తే దాని మీద పని చేయిస్తారా?' చేయించం అంటే వెనక్కి వచ్చేయండి.

తెలుగులో యూట్యూబ్ పాఠాలు చాలానే ఉన్నాయి. ఒకటే తీసుకుని చివరిదాకా చేయండి, పది చూడొద్దు. పాఠంలో వాడే వెర్షన్, మీ దగ్గరున్న వెర్షన్ దగ్గర దగ్గరగా ఉందో లేదో ముందే చూసుకోండి. బొత్తాల చోటు మారితే సగం రోజు వెతుకులాటే. ఇక మీ ఊళ్లో తెలిసిన పెళ్లి వీడియో స్టూడియో ఉంటే, అన్‌సీజన్‌లో, ఆషాఢంలో వెళ్లి పక్కన కూర్చుంటానని అడగండి. పాత పని మిగిలి ఉంటుంది, ముహూర్తాల హడావిడి ఉండదు. ఆరు గంటల పెళ్లి రెండు గంటలు అవుతుంటే చూడటం ఏ కోర్సులోనూ దొరకదు.

నేను చేసిన తప్పులు రెండు

మా అక్క నిశ్చితార్థం వీడియో చేస్తుంటే, ఇరవై నిమిషాల తర్వాత పంతులుగారి పెదవులు ఒకటంటుంటే మంత్రం ఇంకోటి వినిపించింది. ఫోన్లు సెకనుకి ఇన్ని ఫ్రేములని కచ్చితంగా పట్టవు, వెలుతురుని బట్టి కాస్త పెంచుతూ తగ్గిస్తూ పోతాయి. పొడుగు వీడియోలో ఆ తేడా పోగుపడి మాట జారిపోతుంది. షాట్‌కట్ అలాంటి ఫైలు తెరవగానే హెచ్చరించి, ఎడిటింగ్‌కి వీలుగా మారుస్తానంటుంది. నేను విసుగ్గా 'వద్దు' కొట్టాను. మీరు కొట్టకండి. మిగతా సాఫ్ట్‌వేర్లకి ఇచ్చేముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంతో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేటుకి మార్చుకోవచ్చు.

రెండోది, డెస్క్‌టాప్ గజిబిజిగా ఉందని ఎడిటింగ్ మధ్యలో వీడియోల ఫోల్డర్‌ని డి డ్రైవ్‌కి జరిపాను. మర్నాడు తెరిస్తే క్లిప్పులన్నీ మాయం. ప్రాజెక్టు ఫైల్లో వీడియోలు ఉండవు, అవి ఎక్కడున్నాయన్న చిరునామాలే ఉంటాయి. మొదలుపెట్టే ముందే ఒక ఫోల్డర్ చేసి వీడియోలు, పాటలు, బొమ్మలు అన్నీ అందులో పెట్టి, పని అయ్యేదాకా దాన్ని కదపకండి.

డిస్కులో చోటు కూడా చూసుకోవాలి. ఉదాహరణకి ఐఫోన్‌లో 1080, 30 ఫ్రేములకి మోస్ట్ కంపాటబుల్ పద్ధతిలో నిమిషానికి సుమారు 130 ఎంబీ. హై ఎఫిషియెన్సీ అయితే 60 ఎంబీయే, కానీ అది విప్పడానికి పాత కంప్యూటర్ ఆయాసపడుతుంది. పాత మిషన్ ఉన్నవాళ్లు ఫోన్‌లో మొదటిదే పెట్టుకోండి. 4కే వద్దు. పని అయ్యాక బయటికి తీసేటప్పుడు యూట్యూబ్‌కి ఎంపీ4, హెచ్.264, 1080కి సెకనుకి 8 మెగాబిట్లు చాలు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, అంటే నిమిషానికి 60 ఎంబీ. బాబాయ్ 21 నిమిషాల పాఠం 1,260 ఎంబీ దగ్గర తేలింది. బంధువులకి వాట్సాప్‌లో పంపాలంటే వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా నాణ్యత చెడకుండా వెళ్తుంది.

మొన్న ఆదివారం బాబాయ్ ఫోన్ చేశారు. పదకొండో పాఠం పెట్టారట, దగ్గులన్నీ ఆయనే తీసేసుకుంటున్నారట. "అంతా బానే ఉంది గానీరా, బోర్డు మీద ఎండ పడి సగం అక్షరాలు కనబడట్లేదు. దానికేం ఫిల్టర్ ఉంది?"

"కిటికీ మూసెయ్యండి బాబాయ్."